స్తంభాలు లేని చెలక

కర్మన్‌ఘాట్‌లోని సీతారాములు ఇంటికి ఎవరు వచ్చినా కృష్ణకుమారి మంచినీళ్లు ఇచ్చేది, సీతారాములు పాఠం చెప్పేవాడు. మంచినీళ్లు వద్దని తప్పించుకున్నవాళ్లు ఉన్నారేమో గానీ, పాఠం వినకుండా ఆ గడప దాటినవాళ్లు లేరు. పెళ్లి పిలుపుకు వచ్చినవాళ్లనూ, పాల ప్యాకెట్లు వేసేవాణ్నీ, ఆఖరికి హనుమంతుడి గుడికి దారి అడిగిన పరాయివాణ్నీ ఆయన వదిలిపెట్టలేదు.

"తీగను నమ్మొద్దు," అనేవాడు. "తీగ కండ్లకు ఆనది. ఎండల మెరుస్తది, మబ్బుల మాయమైతది. స్తంభం గట్ల కాదు, అది అబద్ధమాడది. స్తంభం యాడుందో చూడు. దాని జంట యాడుందో చూడు. నడుమ తీగ ఉన్నట్టే లెక్క. స్తంభం లేదా? తీగ లేదు. గంతే ముచ్చట."

ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. చౌటుప్పల్ అవతలి పల్లెలో పుట్టి, అక్కడే హెల్పరుగా చేరి, జంగయ్య అనే ముసలి లైన్‌మన్ దగ్గర పని నేర్చుకుని, బదిలీ మీద దిల్‌సుఖ్‌నగర్ వచ్చిపడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్ సందులు చూసినవాళ్లకు ఆయనకు ఆ పాఠం అంటే ఎందుకంత ముద్దో తెలుస్తుంది. కోచింగు సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల కిటికీలు, కేబుల్ టీవీ వైర్లు, తెగిన పతంగుల మాంజా, వాటి మధ్యలో ఎక్కడో కరెంటు తీగ. అందులో ఏది చంపేదో ఏది చంపనిదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. సీతారాములు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, ముందు ఈ మూల స్తంభం, తర్వాత ఆ మూల స్తంభం చూసి, "అగో, గది మనది" అని ఒకదాన్ని చూపించేవాడు. ఎన్నడూ తప్పలేదు. ఎన్నడూ తప్పకపోవడమే ఆయన ఖర్మ అంటాను నేను. ఒకటి రెండుసార్లు చిన్నగా తప్పి, చేతికో కాలికో షాకు తగిలి ఉంటే, మనిషికి తన మాట మీద అంత నమ్మకం ఉండేది కాదు.

కోపం ముక్కు మీదే ఉండేది. సర్వీసు వైరు మీద బనియన్లు ఆరేసిన హాస్టలు పిల్లలను ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పైఆఫీసరు వచ్చి నాలుగో కాలు చూపించినా "అది తోక సార్" అనగలిగిన ధీమా.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఆయన స్తంభాల మనిషి. గుట్టలూ వాగులూ దాటుకుంటూ పోయే పెద్ద టవర్ల లైన్లు వేరే విభాగం వాళ్లవి. వాళ్ల జీపులు వేరు, వాళ్ల మనుషులు వేరు. ఊరికి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి ఆ టవర్లు కనిపిస్తే, దొరల ఇంటి పెళ్లిని దూరం నుంచి చూసినట్టు చూసి తల తిప్పుకునేవాడు.

ఒక్కతే కూతురు, అరుణజ్యోతి. ఆ పిల్లకు ఉగ్గుపాలతో పాటే పాఠం కూడా పోశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతుండగా, వెనుకబడిన కులాల పిల్లలకు ప్రభుత్వం పైలట్ శిక్షణ ఇప్పిస్తుందని తెలిసి, ఇంట్లో చెప్పకుండా పరీక్ష రాసొచ్చింది. ఎంపికయ్యాక చెప్పింది. కృష్ణకుమారి చేతిలో చాట కింద పెట్టేసి, "ఆడివిల్ల ఇమానం నడుపుడేందే? సైకిలే సరిగ్గ రాదు నీకు!" అని గోల పెట్టింది. సీతారాములు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నేను స్తంభం మీదికెళ్లి లోకాన్ని చూసిన. నా బిడ్డ ఇంకింత పైకెళ్లి చూస్తది. గంతే గద! దాంట్ల పరేషాన్ అయ్యేదేమున్నది?" అన్నాడు.

శిక్షణ సంస్థ నల్లగొండ జిల్లా దక్షిణపు కొసన, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా ఉంది. ఒక చిన్న రన్‌వే, రేకుల షెడ్డు, ఇద్దరు పట్టే విమానాలు కొన్ని. నేర్పే గురువు చక్రపాణి, గుంటూరు వైపు మనిషి. ఆయన కుటుంబం చైతన్యపురిలోనే అపార్టుమెంటులో ఉండేది. అరుణజ్యోతి మొదటిసారి ఒంటరిగా విమానం లేపి దింపిన రోజు చక్రపాణి స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. ఆ సాయంత్రం సీతారాములు సెక్షన్ ఆఫీసులో మిఠాయి పంచి, తిన్న ప్రతివాడికీ పాఠం చెప్పాడు.

ఆ ఏడు బతుకమ్మ సమయానికి తెలంగాణ అంతా స్తంభించింది. సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు. ఎల్‌బి నగర్ చౌరస్తాలో టెంటు వేసి రోజుకొక సంఘం కూర్చునేది. కరెంటు ఉద్యోగుల వంతు వచ్చినప్పుడు సీతారాములు ముందు వరసలో ఉండేవాడు. సంఘం నాయకుడు జానయ్య ఆయనకు తమ్ముడి వరస, ఊళ్లో ఇళ్లు పక్కపక్కనే. జానయ్య మైకు పట్టుకుంటే టెంటు గుంజలు కూడా జై తెలంగాణ అనాల్సిందే.

బస్సులు లేకపోయినా అరుణజ్యోతి ఏదో లోడు లారీ పట్టుకుని పండక్కి వచ్చింది. వచ్చిందన్న మాటే గానీ పిల్ల పిల్లలా లేదు. తంగేడు పూలు ముందేసుకుని కూర్చుని, వాటిని పేర్చకుండా కాడలు తుంచుతూ పోయింది. తల్లి అది అలసట అనుకుంది. తండ్రి పిల్లను డాబా మీదికి పిలిచాడు.

"ఏమైంది బిడ్డా? ఎందుకట్లున్నవ్?"

"నేను ఇడ్సిపెడ్త నాయినా."

"ఏం ఇడ్సిపెడ్తవ్?"

"ఇమానం." పిల్ల కళ్లు ఎత్తలేదు. "సార్ పైన ఇంజన్ పవర్ తీసేస్తడు. ఇంజన్ ఆగిపోయిందనుకో, యాడ దిగుతవ్ అంటడు. నేను ఒక చెలకనో ఖాళీ చేనో చూసుకోవాలె, నిజంగ దిగుతున్నట్టే కిందికి రావాలె, జర ఎత్తు ఉండంగనే మళ్ల లేపాలె. మొన్న మంచి చెలక చూసిన. వస్తున్న. సార్ ఒక్కసారే పైకి గుంజిండు. తీగ, నాయినా! చక్రాల కిందికెళ్లి పోయింది. నాకు కనవడనే లేదు. పైకెళ్లి చూస్తే తీగ రంగు, చెలక రంగు ఒక్కతీరే ఉంటయి. ఇగ అప్పటిసంది యాడ చూసినా తీగ ఉన్నట్టే అనిపిస్తుంది."

సీతారాములుకు ముందు గుండె ఆగినంత పనైంది. అది నిజం. ఆ తర్వాత, చెప్పడానికి నాకే కష్టంగా ఉంది గానీ, లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. లోకంలోని విద్యలన్నీ వదిలి ఆ పిల్ల తనకు వచ్చిన ఒక్క విద్య దగ్గరికే వచ్చి ఇరుక్కుంది. తీగ గురించి చెప్పాలంటే ఈ భూమి మీద సీతారాములు తర్వాతే ఎవరైనా!

"గింతేనా?" అన్నాడు. "చెప్పులేసుకో. పోదాం పా."

స్కూటరు తీశాడు. సమ్మె పుణ్యమా అని రోడ్డు ఖాళీగా ఉంది. ఎల్‌బి నగర్ దగ్గర వంటావార్పు నడుస్తోంది, రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. జానయ్య అడ్డం వచ్చి ఇద్దరికీ విస్తర్లు వేసి, తినేదాకా కదలనివ్వలేదు. "మన పైలటమ్మ!" అని అందరికీ చూపించాడు. అక్కణ్నుంచి హయత్‌నగర్ దాటి, బాటసింగారం దగ్గర హైవే దిగి, మట్టి బాట పట్టి ఒక చేను గట్టు మీద ఆపాడు.

"కండ్లు మూసుకో. ఇప్పుడు తెరువు. తీగ దేవులాడకు. స్తంభం దేవులాడు."

పిల్ల చూసింది. ముందు రోడ్డు పక్కన ఉన్నవి చూపించింది. తర్వాత బోరు మోటారు దగ్గర వేపచెట్టులో సగం దాక్కున్నది చూపించింది. దాని జంట ఎక్కడుందో తండ్రి అడిగితే, గట్టు వెంట వేలు కదిలించి పట్టేసింది. ఆ రెండింటి నడుమ తీగ అప్పుడు కనిపించింది, ముందు నుంచీ అక్కడే ఉన్నా. పిల్ల ముఖంలో రక్తం తిరిగి వచ్చింది. ఇంకో చేనుకు పోయారు, ఇంకో చేనుకు పోయారు. ఒక చెలకలో ఎంత వెతికినా స్తంభం దొరకలేదు.

"లేదు నాయినా."

"లేదు గద? స్తంభం లేకుంటే తీగ లేదు. కండ్లు మూసుకుని దిగు. ఎవ్వడు అడ్డమొస్తడో నేను చూస్త!"

పిల్ల నవ్వింది. తిరిగి వస్తుంటే దూరంగా, ఆకాశం అంచున, పెద్ద టవర్లు వరసగా పోతున్నాయి. స్కూటరు వెనక నుంచి వాటిని చూపిస్తూ అడిగింది.

"మరి వాటి సంగతేంది నాయినా?"

సీతారాములు తల కూడా తిప్పలేదు. "అవా? అవి ఊరంత ఉంటయి. గుడ్డోనికి సుత కనవడ్తయి. వాటికి భయపడేదేమున్నది బిడ్డా," అన్నాడు.

ఆ సాయంత్రం కాలనీ ఆడవాళ్లతో కలిసి అరుణజ్యోతి చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడింది. కృష్ణకుమారి భర్త పక్కకు వచ్చి, "ఏం మంత్రమేసినవయ్యా దానికి?" అంది. ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

దసరా వెళ్లింది. సమ్మె ఇంకా నడుస్తోంది. టెంటులో మధ్యాహ్నం పూట జానయ్య ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా సీతారాములు ఫోన్ మోగింది. శిక్షణ సంస్థ నుంచి. విమానం తీగకు తగిలి పడిపోయిందనీ, చక్రపాణి గారిని హైదరాబాద్ తీసుకొస్తున్నారనీ చెప్పారు. "మరి నా బిడ్డ?" అని అడిగాడు. అవతలి మనిషి ఫోన్ ఇంకొకరి చేతికిచ్చాడు. జానయ్య మైకు పారేసి వచ్చి పట్టుకునేసరికి సీతారాములు కింద పరిచిన జంపఖానా మీద బోర్లా పడి ఉన్నాడు.

పిల్లను ఊరికి తీసుకుపోయి పొలం దగ్గర పెట్టి వచ్చారు. ఆ రోజుల గురించి నేను రాయను. రాసినా ఎవరికీ ఏమీ ఒరగదు.

ఇక పరామర్శలు. మన దగ్గర చావు ఇంటికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రారు, తలా ఒక దోషిని వెంటబెట్టుకుని వస్తారు. విమానాలు తిరిగే చోట తీగలకు నారింజ రంగు బంతులు కట్టాలట, అక్కడ కట్టలేదట, కాబట్టి కరెంటు శాఖది తప్పు అని ఒకాయన. విమానం పాతదని ఇంకొకాయన. సమ్మెలో పిల్లను అసలు పంపడమే తప్పని, నోటికి అడ్డూ ఆపూ లేని ఒక చుట్టం. కానీ అందరికీ నచ్చిన దోషి చక్రపాణి. పిల్ల పోయింది, వాడు బతికాడు. పైగా ఆంధ్రోడు. ఆ నెలలో ఆ ఒక్క మాట చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కృష్ణకుమారి మాత్రం ఆంధ్రా అనలేదు, తెలంగాణ అనలేదు. "పక్క సీట్లనే కూసున్నడు గద. వాని కండ్లేమైనయి?" అనేది. పొద్దున లేస్తూనే అదే మాట. వాకిలి ఊడుస్తూ, పొయ్యి వెలిగిస్తూ, కూతురి ఫోటోకు బొట్టు పెడుతూ అదే మాట. ఒక్కోసారి బియ్యం కడుగుతూ ఆగిపోయి, "వాడు పురుగులు వడి చస్తడు" అని, మళ్లీ కడిగేది.

సీతారాములుకూ ఆ కోపమే ఊపిరయింది. చక్రపాణి దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ప్రైవేటు దవాఖానలో ఉన్నాడని తెలిసి ఒక ఉదయం బయలుదేరాడు. జానయ్య తానూ వస్తానంటే వద్దన్నాడు. గల్లా పట్టుకుని అడగాలి, నా బిడ్డను ఎట్ల చంపినవ్ అని వాడి నోటితోనే చెప్పించాలి. దారి పొడుగునా అదే.

మంచం మీద ఉన్న మనిషిని చూశాక గల్లా పట్టుకునే వీలు కనపడలేదు. మెడ నుంచి నడుము దాకా పట్టీలు. ముఖం ఒకవైపు నల్లగా కమిలి ఉంది. చక్రపాణి భార్య స్టూలు జరిపి బయటికి వెళ్లింది.

"మీరు రాకపోతే నేనే రావాలి, సీతారాములు గారూ," అన్నాడు చక్రపాణి. "కానీ చూస్తున్నారుగా. నడుము కింద నాకేం తెలియట్లేదు."

సీతారాములు కూర్చోలేదు. "ఏం జరిగింది సారూ? దాని తప్పా? నీ తప్పా? అది చెప్పు చాలు."

"అమ్మాయి తప్పేం లేదండీ! ఆ మాట మీకు చెప్పకుండా పోతే నాకు పుట్టగతులుండవు. పండక్కి ఇంటికెళ్లక ముందు పిల్ల వణికిపోయేది. తిరిగొచ్చాక వేరే మనిషి. 'మా నాన్న నేర్పారు సార్' అంది. ప్రతి చేనూ అలా చూసేదండీ, ముందు పోల్, తర్వాత దాని జంట. ఇన్నేళ్లలో అంత శ్రద్ధగా చూసే స్టూడెంటు నాకు లేదు. ఆ రోజు రెండు గుట్టల మధ్య చెలక ఎంచుకుంది. పెసర తీసేసి శుభ్రంగా ఉంది. 'ఏం చూశావమ్మా' అని అడిగా. 'గట్టు మీద చూశా, బోరు దగ్గర చూశా, ఒక్క పోల్ కూడా లేదు సార్. పోల్ లేకపోతే తీగ లేదు. క్లియర్' అంది. ఎంత ధైర్యంగా చెప్పిందంటే, నేనూ నమ్మేశా."

సీతారాములు స్టూలు మీద కూర్చున్నాడు.

"నిజంగానే పోల్ లేదండీ అక్కడ. హైటెన్షన్ లైను. టవర్లేమో గుట్టల వెనక వాలులో ఉన్నాయి, మాకు కనపడవు. ఈ గుట్ట మీద నుంచి ఆ గుట్ట మీదికి తీగ ఏకంగా సాగిపోయింది, మధ్యలో ఆధారం లేదు. ఎండ ఎదురుగా ఉంది. నేను ఇంకాస్త పైనే ఆపి లేపించాల్సింది. బాగా చేస్తోంది కదా, భయం పోయింది కదా అని దిగనిచ్చా. తప్పు నాదే. మీరు బాగానే నేర్పారు సార్. చాలా బాగా నేర్పారు."

చక్రపాణి ఏడుస్తున్నాడు. ఆ మాటల్లో ఎత్తిపొడుపు లేదు, అదే ఘోరం. తిట్టి ఉంటే తిరిగి తిట్టవచ్చు. మెచ్చుకున్నవాణ్ని ఏం చేస్తాం?

దవాఖాన మెట్లు దిగాడు. రోడ్డు దాటబోయి, దాటలేక, డివైడరు మీదే కూలబడ్డాడు. నెత్తి మీద దిల్‌సుఖ్‌నగర్ తీగలు. ఎప్పుడో పోయిన జంగయ్యను తలచుకున్నాడు. స్తంభం ఉన్నకాడ తీగ ఉంటది, పైలం కొడుకా, అని జాగ్రత్త చెప్పేవాడు ముసలాయన. అంతవరకే అనేవాడు. స్తంభం లేకపోతే తీగ లేదని ఆయన ఎన్నడూ అనలేదు. ఆ రెండో సగం సీతారాములు సొంతం. చెబుతుంటే నోటికి బాగుందని ఎప్పుడో కలుపుకున్నాడు. వినేవాళ్లు తల ఊపారు. పల్లె చేలలోనూ పట్నం సందుల్లోనూ అది ఎన్నడూ తప్పలేదు కాబట్టి లోకమంతటా అంతే అనుకున్నాడు. పిల్ల అడిగింది కూడా. టవర్ల సంగతేంది నాయినా అని వేలు పెట్టి చూపించి అడిగింది. తెలియదు బిడ్డా, అది నా పని కాదు, మీ సార్‌ను అడుగు, అంటే సరిపోయేది. తెలియదు అన్న మాట ఆయన నోటికి అలవాటు లేదు.

ఇంటికి వస్తే కృష్ణకుమారి గుమ్మంలోనే ఉంది. "ఏమన్నడు వాడు?"

"తప్పు నాదే అన్నడు," అన్నాడు సీతారాములు. అబద్ధం కాదు. చక్రపాణి ఆ మాట అన్నాడు.

"మరి! నేను చెప్పలె?" అందామె. ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తింది.

ఆ ఒక్క మాట ఇంట్లోంచి టెంటుకు పోయింది, టెంటులోంచి ఊరంతా తిరిగింది. తప్పు ఒప్పుకున్నాడట. ఆడబిడ్డను చంపి దవాఖానలో దాక్కున్నాడట. చక్రపాణిని ఇంటికి తెచ్చారని తెలిసిన మర్నాడు, చైతన్యపురిలో ఆయన అపార్టుమెంటు ముందు ధర్నాకు జానయ్య ఏర్పాట్లు చేశాడు. ఫ్లెక్సీ కొట్టించారు. అందులో అరుణజ్యోతి విమానం రెక్క మీద చెయ్యి వేసి నవ్వుతోంది. కృష్ణకుమారి ముందు కూర్చోవాలని అందరూ అన్నారు. ఆమె అప్పటికే సిద్ధంగా ఉంది.

సీతారాములు ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని ఆయనకు తెలియనిది కాదు. కానీ నడుము పడిపోయిన మనిషి ఇంటి ముందు వంద మంది నిలబడి హంతకుడా అని అరవబోతున్నారు. ఆ మాట నిజంగా ఎవరికి తగులుతుందో ఆయనకు తెలుసు. ఆ పొద్దున కృష్ణకుమారి చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే తలుపు దగ్గరగా వేసి, ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"కుమారీ, పోవద్దు. వాడు చంపలె."

"ఏంది?"

చెప్పాడు. బాటసింగారం, చెలక, స్తంభం, స్కూటరు మీద పిల్ల అడిగిన ప్రశ్న, తాను చెప్పిన జవాబు. చక్రపాణి చెప్పినదంతా చెప్పాడు, ఒక్క అక్షరం దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె కాళ్ల వైపే చూశాడు. కుచ్చిళ్లు పట్టుకున్న ఆ చేతులు అలాగే ఉండిపోయాయి. ఏం మంత్రం వేశావని బతుకమ్మ నాడు అడిగింది ఆమే, ఆ మంత్రం ఇదీ.

తిడుతుందనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె రెండూ చేయలేదు.

"పొద్దుగాల కండ్లు తెరిస్తె నాకు లేవబుద్ధి కాదయ్యా. దాని పక్క ఖాళీగుంటది. వాని మీద కోపంతోని లేస్తున్న. వాడు చస్తడు, నేను చూస్త, అనుకుంట లేస్తున్న. ఇప్పుడు నువ్వొచ్చి గిట్ల చెప్తివి. రేపు నేను ఎవని మీద లేవాలె? నీ మీదనా? నీకు అన్నం పెట్టుకుంట, నీ పక్కన పండుకుంటనా?"

కింద జానయ్య గొంతు వినిపించింది. "వదినా, రా! ఆటో వచ్చింది."

కృష్ణకుమారి కుచ్చిళ్లు దోపుకుంది. జుట్టు ముడి వేసుకుంది. "నువ్వు నాకేం చెప్పలె," అంది. "నేనేం ఇనలె." గోడ మీది ఫోటో తీసి చేత పట్టుకుని మెట్లు దిగింది. సీతారాములు ఆమె వెనకే దిగాడు. దిగకుండా ఉండగలిగితే ఆయన వేరే మనిషి అయ్యేవాడు.

అపార్టుమెంటు ముందు గులాబీ కండువాలు నిండిపోయాయి. కృష్ణకుమారి ఫోటో పట్టుకుని ముందు కూర్చుంది. నినాదాలు మొదలైన కాసేపటికి రెండో అంతస్తు బాల్కనీ తలుపు తెరుచుకుంది. చక్రపాణి భార్య చక్రాల కుర్చీని బయటికి తోసింది. వద్దని ఆమె బతిమాలుతున్నట్టు కనిపిస్తూనే ఉంది, ఆయన వినలేదు. కమ్మీల మధ్య నుంచి కిందికి చూస్తూ గుంపులో ఎవరికోసమో వెతికాడు. సీతారాములు కనిపించగానే రెండు చేతులూ ఎత్తి జోడించాడు. జోడించిన చేతులు దించలేదు.

"చూసిండ్రా! అందరి ముందట దండం పెడ్తున్నడు! తప్పు ఒప్పుకున్నడు!" జానయ్య గొంతు చీలిపోయేలా అరిచాడు. "చక్రపాణీ!"

"ముర్దాబాద్!" అంది గుంపంతా.

కృష్ణకుమారి అనలేదు. తల తిప్పి భర్త వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఆ రోజు నుంచి ఎన్నడూ లేదు, ఇంకేమీ కూడా లేదు.

"అను," అంది మెల్లగా. "నాకోసం అను. నేను రేపు లేవాలె."

సీతారాములు పైకి చూశాడు. జోడించిన ఆ చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. జానయ్య మళ్లీ పేరు అరిచాడు.

సీతారాములు అన్నాడు.